మీ పెరటి కోడి ఏ జాతి? పేరు అడిగే ముందు తల్లిని అడగండి



"మా ఇంట్లో ఒక పెట్ట ఉందండి, పిల్లలు ముద్దుగా పెంచుకుంటున్నారు. ఇది ఏ జాతో చెప్పగలరా?" అని ఫోన్‌లో ఫోటో చూపించి అడిగేవాళ్లు చాలామంది. చూసిన వెంటనే పేరు చెప్పేవాళ్లకీ కొదవ లేదు. నల్లగా ఉంటే కడక్‌నాథ్. కాళ్లు పొడుగ్గా ఉంటే అసీల్. రంగురంగులుగా ఉంటే ఒరిజినల్ నాటు. పేరు చెప్పడానికి పైసా ఖర్చు లేదు. ఆ పేరు నమ్మి ఒక్కో పిల్లకి రెండింతలు, మూడింతలు పెట్టి కొనే రైతుకే ఖర్చంతా.

వీడియోలో పెట్టని చేతిలోకి తీసుకుని ఏమేం చూడాలో చూపించాను. అవి ఎందుకు చూడాలో, చూసినా ఎక్కడ ఆగాలో ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊరూ పేరూ తెలియని ఒక్క కోడిని చూసి దాని జాతి చెప్పడం చాలాసార్లు కుదరదు. అది మన పెరటికి పనికొస్తుందా లేదా అన్నది మాత్రం చెప్పొచ్చు. ప్రకృతి సేద్యం చేసే మనకి కావలసింది ఈ రెండోదే.

నాటు అనేది జాతి పేరు కాదు

ముందు ఈ మాట తేల్చుకుందాం. జాతి అంటే ఒక ప్రాంతంలో తరతరాలుగా ఉంటూ, వాటిలో అవి కలిసినప్పుడు తమలాంటి పిల్లల్నే ఇచ్చే కోళ్ల గుంపు. గుంపు అన్న మాట గుర్తుపెట్టుకోండి. మన దేశంలో పశుపక్ష్యాదుల జాతుల్ని నమోదు చేసేది హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ. వాళ్లు కూడా ఒక్క కోడిని చూసి పేరు పెట్టరు. ఆ ప్రాంతంలో అలాంటివి ఎన్ని ఉన్నాయి, వాటి లక్షణాలు పిల్లలకి నిలకడగా వస్తున్నాయా అని చూస్తారు.

ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించిన కోళ్లు నాలుగున్నాయి. ఒకటి అసీల్. ఇది మనతో పాటు ఛత్తీస్‌గఢ్, ఒడిశాలకీ చెందినది. రెండోది డంకి, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కోడి. మూడోది కాళహస్తి, చిత్తూరు ప్రాంతానిది. నాలుగోది ఘాగస్, చిత్తూరు నుంచి కర్ణాటకలోని కోలారు వరకు కనిపించేది. మన సంతల్లో అసీల్ పేరు తెలియనివాళ్లుండరు. మిగతా మూడు పేర్లు సొంత జిల్లాల రైతుల్లోనే ఎంతమందికి తెలుసో మీరే ఆలోచించండి.

ఈ నాలుగింటిలోకీ రాని కోళ్లే మన ఊళ్లలో ఎక్కువ. వాటిని మనం నాటుకోళ్లు అంటున్నాం. వాటి రక్తంలో ఏముందో విడదీసి చెప్పడం కష్టం. స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని దశాబ్దాల పాటు ఊరి కోళ్లని మెరుగుపరచాలని ప్రభుత్వ కోళ్ల కేంద్రాల నుంచి వైట్ లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ లాంటి విదేశీ పుంజుల్ని పల్లెలకి ఇచ్చారు. ఆ పుంజులు పోయాయి గానీ వాటి రక్తం మన పెరళ్లలో తిరుగుతూనే ఉంది. అందుకే ఎర్రటి పెట్టని చూసి ఫోన్‌లో యాప్ రోడ్ ఐలాండ్ రెడ్ అని చూపించినా పూర్తిగా తప్పనలేం, ఒప్పనీ అనలేం. ఫోటో పోలిక చెప్తుంది. పుట్టుక చెప్పదు.

రంగు చూసి మోసపోవద్దు

గోదావరి జిల్లాల్లో కోళ్లు పెంచేవాళ్లని అడగండి. కాకి, డేగ, సేతువ, నెమలి, పింగళ అని పేర్లు గడగడా చెప్తారు. విననివాళ్లు ఇవన్నీ వేర్వేరు జాతులేమో అనుకుంటారు. కాదండి, అవి ఈకల రంగుని బట్టి పెట్టిన పేర్లు. నల్లగా ఉంటే కాకి, ఎర్రగా ఉంటే డేగ, తెల్లగా ఉంటే సేతువ. ఒకే తల్లి కింద లేచిన పిల్లల్లో ఒకటి కాకి, ఒకటి డేగ కావచ్చు.

పందేల మీద నా అభిప్రాయం వేరు. అది ఈ పోస్టులో విషయం కాదు. కానీ ఆ పెంపకందారుల దగ్గర ఒక పద్ధతి నేర్చుకోవాలి. పుంజు ఎంత అందంగా ఉన్నా వాళ్లు మొదట అడిగేది "తల్లి ఎవరిది?" అని. పెట్ట మంచిదైతేనే జాతి నిలుస్తుందని వాళ్ల నమ్మకం. రంగుకి అన్ని పేర్లు పెట్టుకున్నవాళ్లే రంగు దగ్గర ఆగకుండా పుట్టుక అడుగుతున్నారు. మనం మాత్రం రంగు చూసి డబ్బులిస్తున్నాం.

ఇంకో విషయం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లని తయారు చేసింది. ఊళ్లలో జనం తెల్ల కోడిని ఇష్టపడరని, వీటిని రంగురంగుల ఈకలు ఉండేలా కావాలనే రూపొందించారు. కుక్క, పిల్లి వెంటపడితే పరిగెత్తడానికి వీలుగా వనరాజాకి కాళ్లు కూడా పొడుగు. అంటే నాటుకోడిలా కనబడటం వాటి తయారీలోనే ఉంది. ఇందులో సంస్థ తప్పేమీ లేదు, వాళ్లు పేరు పెట్టి మరీ ఇస్తున్నారు. మధ్యలో ఆ పేరు చెరిపేసి నాటు అని రాసేవాళ్లతోనే ఇబ్బంది.

పిల్లల కోసం కొనే రంగు కోడిపిల్లల సంగతి కూడా చెప్పాలి. సైకిళ్ల మీద, బళ్ల మీద గులాబీ, పచ్చ రంగులు అద్ది అమ్ముతారు చూడండి. అవి ఎక్కువగా గుడ్ల కోళ్ల హేచరీల్లో అక్కర్లేదని తీసేసిన మగపిల్లలు, లేదంటే బ్రాయిలర్ పిల్లలు. రంగు రాలిపోయి తెల్ల ఈకలు వచ్చాయంటే, ఏ జాతి అని బుర్ర బద్దలు కొట్టుకోవక్కర్లేదు. అది ఫారం కోడే. బతికి పెద్దదయితే సంతోషం, ముద్దుగా పెంచుకోండి. దాన్నుంచి మందని మాత్రం ఆశించవద్దు.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

గుర్తులు అసలు పనికిరావని నేను అనడం లేదు. ఏ గుర్తు ఎంతవరకు చెప్తుందో తెలిస్తే చాలు.

తురాయి: తల మీద ఎర్రటి జుట్టు. రంపం పళ్లలా నిటారుగా ఉందా, మూడు వరసల చిన్న బుడిపెలుగా తలకి అంటుకుని ఉందా చూడండి. అసీల్‌కి ఉండేది రెండో రకం. కానీ ఈ బుడిపెల తురాయి బలమైన లక్షణం. అసీల్ పుంజుని మామూలు పెట్టతో కలిపినా పిల్లల్లో అదే కనిపిస్తుంది. కాబట్టి అది ఉంటే అసీల్ రక్తం ఉండొచ్చు అనాలి గానీ, అసీల్ అని తేల్చేయకూడదు.

నిలబడే తీరు: అసీల్ ఛాతీ ఎత్తి నిటారుగా నిలబడుతుంది. మెడ పొడుగు, కాళ్లు బలం, ఈకలు తక్కువ, ఉన్నవి ఒంటికి గట్టిగా అతుక్కుని ఉంటాయి. గడ్డం కింద వేలాడే ఎర్ర తోలు దాదాపు కనబడదు. ఈ లక్షణాలన్నీ ఒకే కోడిలో ఉంటేనే ఆలోచించాలి. ఒక్కటి చూసి ఎగరొద్దు.

నోరు, చర్మం: కడక్‌నాథ్ అంటే నల్ల ఈకల కోడి కాదు. దానిలో వెండి గీతలు, బంగారు గీతలు ఉన్న రకాలూ ఉన్నాయి. నోరు తెరిచి నాలుక చూడండి, ఈకలు తప్పించి చర్మం చూడండి, తురాయి, కాళ్లు చూడండి. అన్నీ నలుపు వైపే ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా దాని సొంత ఊరు, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. ఆ నల్ల చర్మం సంకర పిల్లలకీ వస్తుంది. నాలుక నల్లగా ఉన్నంత మాత్రాన పూర్తి కడక్‌నాథ్ అని రాసి ఇవ్వలేం. ఇక గుడ్డు లేత గోధుమ, మీగడ రంగుల్లోనే ఉంటుంది. నల్ల గుడ్డు అని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మెడ: మెడ మీద ఈకలు లేని కోళ్లని ప్రత్యేక జాతి అని ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. అది ఒక్క జన్యువు వల్ల వచ్చే లక్షణం, ఏ మందలోకైనా రావచ్చు. ఎండ ప్రాంతాల్లో ఒంటి వేడి బయటికి పోవడానికి అది మంచిదే. లక్షణంగా మెచ్చుకోండి, జాతిగా డబ్బు కట్టకండి.

గుడ్డు పెంకు: గోధుమరంగు గుడ్డు అంటే నాటు గుడ్డు అనుకోవడం పెద్ద పొరపాటు. ఫారాల్లో పెంచే కొన్ని గుడ్ల కోళ్లు కూడా గోధుమరంగు గుడ్లే పెడతాయి. పెంకు రంగు కోడి వంశాన్ని బట్టి వస్తుంది, దానివల్ల గుడ్డులో బలం పెరగదు, తగ్గదు. లోపల పచ్చసొన రంగు తిండిని బట్టి వస్తుంది. మునగాకు, గడ్డి, పురుగూ పుట్రా తిన్న కోడి గుడ్డులో సొన చిక్కటి రంగులో ఉంటుంది. అది మన పెంపకం గొప్పతనం, జాతిది కాదు.

జాతి కన్నా ముఖ్యమైన పరీక్ష

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విత్తనం దగ్గర మనందరికీ ఒక లెక్క ఉంది. ఏటా కొట్టుకి వెళ్లి కొనుక్కోవాల్సిన విత్తనం ఒకటి, మన పంటలోంచి తీసి దాచుకునే విత్తనం ఒకటి. ఈ తేడా తెలిసినవాళ్లమే కోడిపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగకుండా డబ్బా పట్టుకొచ్చేస్తున్నాం.

కోడికి ఆ పరీక్ష పొదగడం. మామూలు నాటుపెట్ట 12, 15 గుడ్లు పెట్టాక గూడు వదలదు. చెయ్యి పెడితే ఈకలు రిక్కిస్తుంది, క్లుక్ క్లుక్‌మంటుంది. గంపలో గడ్డి పరిచి గుడ్లు పెడితే 21 రోజులు కూర్చుని పిల్లల్ని లేపుతుంది. ఆ తర్వాత గద్ద నీడ పడితే రెక్కల కిందికి తీసుకోవడం, గింజ దొరికితే పిలవడం అన్నీ తనే నేర్పిస్తుంది. కరెంటు లేదు, ఇంక్యుబేటర్ లేదు, బల్బు లేదు.

గుడ్ల కోసం అభివృద్ధి చేసిన కోళ్లలో ఈ గుణం చాలా వరకు పోయింది. పోవాలనే తీసేశారు, ఎందుకంటే పొదుగుకి కూర్చున్న కోడి గుడ్లు మానేస్తుంది. గ్రామప్రియ మంచి మేపు మీద ఏడాదిన్నర వయసులోపు 200కి పైగా గుడ్లు పెడుతుంది. వనరాజా ఏడాదికి 100కి కాస్త అటూ ఇటూ పెడుతుంది. ఊరి నాటుపెట్ట 3, 4 విడతల్లో 50, 60 దగ్గర ఆగుతుంది. గుడ్ల లెక్కే చూస్తే నాటుపెట్ట ఓడిపోయినట్టే.

కానీ లెక్క అక్కడ ఆపకండి. నాటుపెట్ట పెట్టిన 50లో ఒక విడత 12 గుడ్లు పొదిగించాం అనుకుందాం. 9 పిల్లలు లేచి, గద్దకీ ముంగిసకీ పోగా 5 మిగిలినా వచ్చే ఏడాది మందకి కొత్త పెట్టలు, సంక్రాంతికి అమ్మడానికి పుంజులు మన దగ్గరే ఉన్నాయి. మేపు ఖర్చులో చాలా భాగం పెరట్లో ఏరుకుని తినేదే. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలు. మీ పెరటి అంకెలు పెట్టి మీరే చూసుకోండి.

మరి వనరాజా గుడ్లే నాటుపెట్ట కింద పెట్టి పొదిగిస్తే? పిల్లలు లేస్తాయి. అయితే అది రెండు మూడు వంశాలు కలిపి చేసిన కోడి కాబట్టి, రెండో తరంలో పిల్లలు ఒక్కోటి ఒక్కోలా వస్తాయి, బరువు, గుడ్లు తల్లిలా ఉండవు. హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ విత్తితే ఏమవుతుందో మీకు తెలిసిందే.

అలాగని అభివృద్ధి చేసిన కోళ్లని తీసిపారేయడం లేదు. రోజూ టౌన్‌కి గుడ్లు వేసే రైతుకి గ్రామప్రియ సరైన కోడి కావచ్చు. ఏటా పిల్లల్ని కొనాలని ముందే తెలిసి కొంటే నష్టం లేదు. నాటు అనుకుని కొని, పొదుగుకి కూర్చుంటుందని ఏడాది ఎదురుచూసిన రైతుదే నష్టం. గంప ఖాళీ, మంద ముసలిదైపోయింది, మళ్లీ పిల్లల కోసం అదే వ్యాపారి దగ్గరికి.

నాటుకోడికి రోగాలు రావన్న మాట కూడా ఇదే తరహా నమ్మకం. కొక్కెర తెగులు వస్తే అసీల్, నాటు, వనరాజా అని చూడదు, పెరడంతా ఖాళీ చేస్తుంది. మొదటి వారంలో లసోటా చుక్కలు, 8 వారాలకి ఆర్2బి టీకా, మధ్యలో బూస్టర్ ఎప్పుడన్నది మీ పశువైద్యుణ్ణి అడిగి వేయించండి. ప్రకృతి సేద్యం చేస్తున్నాం కదా అని టీకా మానేయడం నా దృష్టిలో ప్రకృతి సేద్యం కాదు.

అమ్మేవాళ్లకి ఒక మాట

మనలో చాలామంది గుడ్లు, కోళ్లు నేరుగా ఇంటింటికీ, వారాంతపు సంతల్లోనూ అమ్ముతున్నాం. మన సరుకుకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చేవాళ్లు నాలుక రుచి కోసం ఒక్కదానికే ఇవ్వడం లేదు, మన మాట నమ్మి ఇస్తున్నారు. హేచరీ నుంచి తెచ్చిన రంగు కోడిని నాటు అని అమ్మిన రోజున ఆ నమ్మకం పోతుంది. ఒకరు అబద్ధం చెప్తే పక్కన నిజం చెప్పేవాడి గుడ్డు కూడా అమ్ముడుపోదు.

అందుకని బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాద్దాం. "గ్రామప్రియ గుడ్లు, పెరట్లో తిరిగిన కోళ్లవి" అని రాయండి, కొనేవాళ్లు కొంటారు. "జాతి పేరు లేని ఊరి కోడి, మా ఇంట్లోనే పొదిగిన పిల్ల" అని రాయండి. నన్నడిగితే ఒరిజినల్ అన్న మాట కన్నా ఇది ఎక్కువ ధర పలకాల్సిన మాట. తల్లిని చూపించగలిగితేనే అసీల్ అని రాయండి.

కొనే ముందు అడగాల్సినవి

పిల్లలు కొనేటప్పుడు ఏ జాతి అని అడగకండి, దానికి సమాధానం అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. ఇవి అడగండి.

ఒకటి, వీటి తల్లులు ఎక్కడున్నాయి, చూడొచ్చా?

రెండు, ఈ పిల్లలు పెట్ట కింద లేచాయా, మిషన్‌లో లేచాయా? మిషన్‌లో లేస్తే తప్పేం లేదు, కానీ తల్లులు పొదుగుకి కూర్చుంటాయా?

మూడు, ఒకే ఈడు పిల్లలు వందలకొద్దీ ఎలా వచ్చాయి? పది పెట్టలున్న ఇంట్లో ఒకే రోజు మూడు వందల పిల్లలు లేవవు.

నాలుగు, ఏ టీకాలు ఎప్పుడు వేశారు?

సమాధానం దాటవేస్తే ధర తగ్గించమని అడగొద్దు, కొనడం మానేయండి. మీ ఊళ్లోనే పొదిగించే అమ్మమ్మలు, పిన్నిలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర నాలుగు పెట్టలు, ఇంకో ఇంటి నుంచి ఒక పుంజు తెచ్చుకుంటే మంద మొదలైనట్టే.

మీ దగ్గరున్న పెట్టకి పేరెందుకు, పుస్తకం పెట్టండి

2019 పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్ల కోళ్లు, బాతులు లాంటి పక్షులుంటే అందులో 31 కోట్లకి పైగా పెరటివే. అంతకు ముందు గణనతో పోలిస్తే పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగాయి. సంఖ్య పెరగడం మంచిదే. ఆ పెరిగినవాటిలో తమ పిల్లల్ని తామే లేపుకోగలిగేవి ఎన్ని అన్నదే నా ప్రశ్న. మంద పెరిగి పొదిగే గుణం పోతే, మనం కోళ్లని పెంచుతున్నట్టు కాదు, హేచరీకి కూలి చేస్తున్నట్టు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్నవాళ్లు, చిత్తూరు వైపు ఉన్నవాళ్లు మీ చుట్టుపక్కల పాత మందలుంటే పశువైద్యుడికి చూపించండి. డంకి, కాళహస్తి, ఘాగస్ అని తేలితే వాటిని వాటిలోనే కలపండి, పక్క జిల్లా నుంచి అందమైన పుంజుని తెచ్చి కలపకండి. జాతి పేరుకి నిజమైన విలువ ఉండేది అక్కడే.

మిగతావాళ్లం, అంటే జాతి పేరు తెలియని పెట్ట ఉన్న మనమందరం, ఒక నోటు పుస్తకం పెట్టుకుందాం. కాలికి రంగు రింగు వేసి, పుట్టిన నెల, తల్లి ఎవరు, విడతకి ఎన్ని గుడ్లు, పొదుగుకి కూర్చుందా, ఎన్ని లేచాయి, మూడు నెలలకి ఎన్ని మిగిలాయి అని రాసుకోవాలి. బాగా పొదిగి, ఎక్కువ పిల్లల్ని దక్కించిన పెట్ట గుడ్లే మళ్లీ గంపలో పెట్టాలి. 8, 10 పెట్టలకి ఒక పుంజు చాలు. ఏడాదికో రెండేళ్లకో పుంజుని మార్చాలి, లేకపోతే అన్నాచెల్లెళ్ల సంకరమై మంద బలహీనపడుతుంది.

మూడు నాలుగు తరాలు ఇలా రాస్తే ఎవరైనా వచ్చి "ఇది ఏ జాతి?" అని అడిగినప్పుడు పేరు చెప్పలేకపోవచ్చు. కానీ దాని తల్లి, అమ్మమ్మ, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు, ఏ తెగులు తట్టుకుంది, అన్నీ చెప్పగలరు. ఈ వారమే మొదలుపెట్టండి. ఇప్పుడు గుడ్ల మీద కూర్చున్న పెట్ట ఉంటే మొదటి పేజీ దానిదే.